పద్నాలుగు కిలోల కథ: ఒక పీర్ సపోర్ట్ శిక్షణ కేసు

రాత్రి పదకొండుంపావుకి మా పీర్ వర్కర్ ఫోన్‌కి ఒక ఫొటో వచ్చింది. మాత్రల స్ట్రిప్. పది మాత్రల్లో నాలుగే ఖాళీ అయ్యాయి, ఆరు అలాగే ఉన్నాయి. కింద, ఆమె తోడుంటున్న కుర్రాడి తల్లి మెసేజ్: "చూడు తల్లీ, ఈ స్ట్రిప్ మొదలుపెట్టి పది రోజులైంది. నీకేమైనా చెప్పాడా?"

చెప్పాడు. మానేశానని మూడు రోజుల ముందే చెప్పాడు. ఎందుకు మానేశాడో కూడా చెప్పాడు. మా పీర్ వర్కర్ చెప్పిన కథ విన్నాకే మానేశాడు.

ఈ కేసులో ఆ కుర్రాడి జబ్బు గురించి రాయడం నా ఉద్దేశం కాదు. ఆ పీర్ వర్కర్‌ని తయారుచేసిన శిక్షణ గురించి రాస్తున్నాను. ఆ శిక్షణ ఇచ్చింది నేనే, తర్వాత ఆమె పనిని చూసుకోవాల్సిన సూపర్‌వైజర్‌ని కూడా నేనే. గుర్తుపట్టే వివరాలన్నీ మార్చాను. రాసింది ముగ్గురికీ చదివి వినిపించి, తీసేయమన్నవి తీసేశాను.

కుర్రాడికి 24 ఏళ్లు. సైకోసిస్‌తో, అంటే లేనివి వినిపించడం, కనిపించడం లాంటి మానసిక జబ్బుతో, రెండోసారి ఆస్పత్రిలో చేరి, డిశ్చార్జి అయి, దానికిచ్చే ఓలాంజపిన్ అనే మందు వాడుతున్నాడు. ఇంట్లో చూసుకునేది తల్లి ఒక్కతే. పీర్ వర్కర్‌ది ముప్పై దాటిన వయసు. ఆమె కూడా రెండుసార్లు అదే వార్డు లాంటి వార్డులో పడుకుని వచ్చింది. ఆరేళ్లుగా బాగుంది, ఉద్యోగం చేసుకుంటోంది. మా బ్యాచ్‌లో అందరికంటే బాగా నేర్చుకుంది అని నేనే సర్టిఫికెట్ ఇచ్చే రోజున మైకులో చెప్పాను.

పీర్ సపోర్ట్ తెలియనివాళ్ల కోసం రెండు ముక్కలు. పీర్ వర్కర్ కౌన్సెలర్ కాదు, నర్సు కాదు. ఆ దారిలో తను నడిచి వచ్చిన మనిషి, ఇప్పుడు నడుస్తున్నవాడి పక్కన నడవడానికి వస్తుంది. ఈ ఆలోచన కొత్తదేం కాదు. 18వ శతాబ్దం చివర పారిస్‌లోని బిసెత్ర్ ఆస్పత్రిలో జాఁ బాప్తిస్త్ ప్యుసాఁ అనే ఒకప్పటి రోగే వార్డు బాధ్యత చూసేవాడు. కోలుకున్నవాళ్లనే పనిలో పెట్టుకునేవాడు. 1793లో అక్కడికి వచ్చిన డాక్టర్ ఫిలిప్ పినెల్ అతని దగ్గరే చాలా నేర్చుకున్నాడు. తాగుడు మానాలనుకునేవాళ్ల కోసం 1935లో మొదలైన ఆల్కహాలిక్స్ అనానిమస్, తాగుడుకి బానిసలైనవాళ్ల కుటుంబాల కోసం 1951లో వచ్చిన అల్-అనాన్ కూడా ఈ కోవలోవే. జీతమిచ్చే వృత్తిగా ఇది గట్టిపడింది మాత్రం ఈమధ్యే. 2007లో అమెరికాలో పేదల వైద్యానికి డబ్బు కట్టే మెడికెయిడ్ పథకాన్ని చూసే కేంద్ర సంస్థ రాష్ట్రాలకు లేఖ రాస్తూ, పీర్ సపోర్ట్‌కి డబ్బు కట్టాలంటే మూడు ఉండాలంది: సూపర్‌విజన్, చికిత్స బృందంతో సమన్వయం, శిక్షణతో పాటు ధ్రువీకరణ. ఈ మూడింట్లో గోడకి తగిలించుకోగలిగేది మూడోదే. మేమూ దాన్నే పట్టుకుని కూర్చున్నాం.

మొదటి సందర్శన

నోట్స్‌లో ఆ రోజు గురించి ఉన్నది ఒకే వాక్యం: "కుటుంబంతో బాగా కలిసిపోయాను, నా కథ పంచుకున్నాను." అసలు జరిగింది తెలుసుకోవడానికి నాకు ఏడు వారాలు పట్టింది.

ముగ్గురూ ఒకే గదిలో కూర్చున్నారు. తల్లి కన్నీళ్లు పెట్టుకుంది. దాంతో మా పీర్ వర్కర్ తన కథ మొదలుపెట్టింది. ఇరవై నిమిషాలు. శిక్షణలో చెప్పిన కథే, అదే వరసలో. జబ్బు మొదలవడం, వార్డు, ఒంటరితనం, మందు, బరువు. "మొదటి ఏడాదిలో పద్నాలుగు కిలోలు పెరిగాను. అద్దం చూడటం మానేశాను. చివరికి డాక్టర్‌తో కూర్చుని మాట్లాడి మందు మార్పించుకున్నాను." ఆమె దృష్టిలో ఈ కథలో అసలు విషయం చివరి వాక్యం. డాక్టర్‌తో మాట్లాడొచ్చు, నోరు మూసుకుని మింగక్కర్లేదు అని.

తల్లికి వినబడింది వేరు: మందు వేసుకుంటే ఈ అమ్మాయిలా బాగుపడతాడు. కొడుక్కి వినబడింది ఇంకొకటి: పద్నాలుగు కిలోలు. అతను వాడుతున్నది అదే మందు. ఆ సంగతి ఆమెకి తెలియదు. అడగలేదు, మేమూ చెప్పలేదు. ఓలాంజపిన్‌తో బరువు పెరగడం నిజమే. అతను ఆ రోజు నుంచీ రోజూ బరువు చూసుకోవడం మొదలుపెట్టాడు. నాలుగో కిలో ఎక్కిన రోజున మాత్ర వేసుకోవడం మానేశాడు.

ఇంకో దారం కూడా ఇక్కడే చిక్కుపడింది. రెండో వారానికే అతను ఆమెని "అక్కా" అనడం, "నువ్వు" అనడం మొదలుపెట్టాడు. ఆమె పొంగిపోయింది. నేనూ నోట్స్‌లో అది చదివి పక్కన టిక్కు పెట్టాను. తల్లి "తల్లీ" అని పిలిచేది. మన భాషలో ఇదొక తంటా. రెండు సందర్శనలకే ఎవరో ఒకరు చుట్టరికం కలిపేస్తారు, చుట్టరికం కలిసిందంటే దానికి తగ్గ పని కూడా ఒప్పుకున్నట్టే. అక్క అన్నాక తమ్ముడి సంగతులు అమ్మకి చెప్పకుండా ఎలా ఉంటుంది? రోజూ రాత్రి తల్లి ఫోన్ చేసేది: "ఇవాళ నీతో ఏమన్నాడు తల్లీ?" మొదట్లో చిన్నచిన్నవే చెప్పింది. అన్నం తిన్నానన్నాడు, నిద్ర పట్టిందన్నాడు. తర్వాత, ఉద్యోగం తన వల్ల కాదేమోనన్నాడు అన్నది కూడా.

ఫొటో వచ్చిన రాత్రి "అవునమ్మా, మానేశానని నాతో చెప్పాడు" అని జవాబిచ్చేసింది. తల్లి ఆ అర్ధరాత్రే కొడుకుని లేపింది. తెల్లారి ఆమెకి అతని మెసేజ్ వచ్చింది. మూడే మాటలు: "ఇక మీరు రావొద్దండీ."

ఆ "అండీ" గురించి ఆమె నా ముందు చాలాసేపు ఏడ్చింది. రావొద్దు అన్నందుకు అంత బాధ లేదట.

ఎక్కడ తప్పింది

ముందు మా టీమ్‌లో వినబడ్డ మాట, "ఆమె హద్దు దాటింది." నేను ఒప్పుకోలేదు. హద్దు ఎక్కడుందో మేం చూపించి ఉంటే కదా దాటడానికి.

మా పాఠాలకి ఆధారం అమెరికాలో మానసిక ఆరోగ్యం, వ్యసనాల రంగాన్ని చూసే సామ్సా సంస్థ 2015లో ఇచ్చిన పీర్ వర్కర్ల నైపుణ్యాల పత్రం. పన్నెండు విభాగాలు. తన కోలుకున్న అనుభవాన్ని పంచుకోవడం వాటిలో ఒకటి మాత్రమే. మా శిక్షణలో మాత్రం కథ చెప్పడానికి రెండు పూర్తి రోజులు ఇచ్చాం, ఎందుకంటే ఆ రెండు రోజులూ బ్రహ్మాండంగా నడుస్తాయి. అందరూ ఏడుస్తారు, అందరూ చప్పట్లు కొడతారు, ఫీడ్‌బ్యాక్ ఫారాల్లో అయిదుకి అయిదు వస్తుంది. ఈమె కథ చెప్పిన రోజు నేనూ కళ్లు తుడుచుకున్నాను. ఇది ఎవరి కోసం చెప్పారు, వినేవాడి పరిస్థితి ఏమిటి, ఇందులో ఏ ముక్క అతనికి గుచ్చుకోవచ్చు అని అడిగినవాడు లేడు. హాలులో చప్పట్లు పడ్డ కథని ఆమె యథాతథంగా ఒక ఇంటికి తీసుకెళ్లింది.

రెండోది, ఆ ఇంట్లో ఆమె ఎవరికి పీర్? కొడుక్కి. అతను నడుస్తున్న దారిలో నడిచింది ఆమె. తల్లి దారి ఆమెకి తెలియదు. సామ్సా 2023లో ఇచ్చిన ధ్రువీకరణ నమూనా ప్రమాణాల్లో మానసిక ఆరోగ్యం, వ్యసనం, కుటుంబం అని మూడు రకాల పీర్ వర్కర్లను వేరువేరుగా చూపించారు. ఆ పత్రం నా షెల్ఫ్‌లో ఉంది. మనుషులు తక్కువ కాబట్టి ఒకే మనిషి ఇద్దర్నీ చూసుకుంటుందిలే అనుకున్నాం.

మూడోది నా ఒక్కడి తప్పు. సూపర్‌విజన్ అని నెలకోసారి కూర్చునేవాళ్లం. ఎన్ని సందర్శనలు, ఎన్ని ఫోన్లు, ఎవర్ని ఎక్కడికి పంపారు. నలభై నిమిషాలు. మానేశానని అతను చెప్పిన ఆ మూడు రోజులూ ఆమె మాకెందుకు చెప్పలేదని అడిగితే వచ్చిన జవాబు: "చెప్తే నా కథ వల్లే అని తెలిసిపోతుంది. ఉద్యోగం పోతుందనుకున్నాను." కాసేపాగి, "ఆ ఫొటో చూశాక నాకే నిద్ర పట్టలేదు. మళ్లీ నేను పేషెంటునైపోతానేమో అనిపించింది" అంది. సాయం చేసేవాడికి ఆ సాయమే మందవుతుందని ఫ్రాంక్ రీస్మన్ 1965లో రాసిన సూత్రాన్ని మేం మొదటి రోజే చెప్తాం. సాయం బెడిసికొట్టిన రోజున ఆ మందు ఏమవుతుందో చెప్పలేదు.

కుర్రాడికి రెండు రాత్రులు నిద్ర తప్పింది, మాటలు వినిపించాయన్నాడు. టీమ్ నర్సు అదే రోజు ఇంటికెళ్లి మాట్లాడింది. ఆస్పత్రిలో చేరేదాకా రాలేదు. ఇది మా గొప్పతనం కాదు.

మళ్లీ నేర్చుకోవడం

ఆమెని మళ్లీ శిక్షణకి పంపుదామన్నారు. అదే పాఠం ఇంకోసారి వింటే ఏం మారుతుంది? టీచర్ల శిక్షణ మీద 1980ల్లో పనిచేసిన బ్రూస్ జాయిస్, బెవర్లీ షవర్స్ ఒక విషయం తేల్చి చెప్పారు. ఉపన్యాసం, చేసి చూపించడం, హాలులో అభ్యాసం, ఇవన్నీ కలిపినా నేర్చుకున్నది తరగతి గదిలోకి పెద్దగా రాదు. పని చేసేచోట పక్కన ఒకరుండి కోచింగ్ ఇస్తేనే వస్తుంది. పీర్ వర్కర్ల విషయంలోనూ నేను చూసింది ఇదే.

కాబట్టి పన్నెండు వారాలు, వారానికో గంట. మొదటి మార్పు నోట్స్‌లో. సోషల్ వర్క్‌లో పాత పద్ధతి ఒకటుంది, జరిగిన సంభాషణని గుర్తున్నంత వరకు మాటకి మాట రాయడం. మూడు గడులు: అతనన్నది, నేనన్నది, నా లోపల జరిగింది. వారానికి ఒక పది నిమిషాల సంభాషణ చాలు. ఆమె పాత సందర్శనల్లోంచి గుర్తుచేసుకుని మొదట రాసిన పేజీలో ఒక వరస ఇలా ఉంది.

అతను: "రాత్రి వేసుకుంటే పొద్దున పదింటిదాకా లేవలేకపోతున్నా అక్కా."
ఆమె: "నాకూ అంతే ఉండేది. ఓపిక పట్టు, సర్దుకుంటుంది."
మూడో గడిలో: "భయమేసింది. మానేస్తానంటాడేమోనని. తొందరగా మాట మార్చాలనిపించింది."

ఈ మూడు గడుల మీదే గంట గడిచిపోయింది. "నాకూ అంతే" అన్నది పీర్ వర్కర్‌కి ఉన్న అసలైన బలం. కానీ ఇక్కడ అది అతని మాటకి తాళం వేసింది. సరిచేసెయ్యాలన్న ఈ ఆత్రాన్ని, మారడానికి కారణాలు అవతలి మనిషి నోటే చెప్పించే మోటివేషనల్ ఇంటర్వ్యూయింగ్ అనే పద్ధతిని రూపొందించిన విలియం మిల్లర్, స్టీఫెన్ రోల్నిక్ ప్రత్యేకంగా గుర్తించి, పట్టి ఆపుకోమంటారు. ఆపుకుంటే ఏం అడిగి ఉండేదానివి అన్నాను. ఆమె చాలాసేపు ఆలోచించి, "పదింటిదాకా పడుకుంటే నీకేం పోతోంది అని" అంది. తర్వాత ఎప్పుడో ఆ ప్రశ్న నిజంగానే అడిగింది. పొద్దున్నే స్నేహితులతో ఆటకి వెళ్లేవాడట, రెండు నెలలుగా రావట్లేదని వాళ్లు పిలవడం మానేశారట. ఈ సంగతి డాక్టర్‌కి తెలియదు, తల్లికీ తెలియదు. కేసు ఫైలు నిండా లక్షణాలున్నాయి గానీ ఈ ఆట లేదు.

కథ విషయంలో మొదట నేను ఒక తెలివితక్కువ పని చేశాను. మూడు నిమిషాలు మించకూడదని రూలు పెట్టాను. దాంతో కథ వక్తృత్వ పోటీ ప్రసంగంలా తయారైంది. రెండు వారాల్లో రూలు ఎత్తేశాను. దాని బదులు, నోరు తెరిచే ముందు తనని తాను అడుక్కోవాల్సిన ప్రశ్న ఒకటి: ఇది ఇప్పుడెందుకు చెప్తున్నాను? చెప్పాక అవతలి మనిషిని అడగాల్సింది ఒకటి: "ఇందులో మీకు కలిసిందేమైనా ఉందా, మీది వేరేలా ఉందా?" ఈ రెండోది అడిగి ఉంటే పద్నాలుగు కిలోల సంగతి మొదటి రోజే బయటపడేదని ఆమే అంది.

మందుల గురించి అసలు మాట్లాడకూడదని టీమ్‌లో డాక్టర్ పట్టుబట్టారు. ఆయన కోపం నాకర్థమైంది, కానీ ఒప్పుకోలేకపోయాను. సైడ్ ఎఫెక్టుల మాట ఎత్తకూడని పీర్ వర్కర్ చివరికి ఆస్పత్రి తరఫున మాత్రలు వేయించే మనిషిగా మిగులుతుంది, అప్పుడు ఆమెకీ మిగతా సిబ్బందికీ తేడా ఏముంది? రెండు మీటింగులు వాదించుకున్నాక ఒక చోట ఆగాం. మందు పేరు, డోసు, తను మానేసిన సంగతులు రావద్దు. డాక్టర్‌తో ఎలా మాట్లాడిందో, మాట్లాడే ముందు కాగితం మీద ఏం రాసుకుందో ఎంతైనా చెప్పొచ్చు. ఇది సరైన గీతేనా అంటే నాకింకా అనుమానమే, కొన్నిసార్లు పేరు చెప్పకుండా మాట్లాడితే దాస్తున్నట్టుంటుంది. ప్రస్తుతానికి దీంతోనే నడుస్తున్నాం.

అన్నిటికంటే పనిచేసింది అనుకోకుండా జరిగింది. రోల్ ప్లేలో ఎప్పుడూ ఆమె పీర్ వర్కర్‌గా, మాలో ఒకరు తల్లిగా కూర్చునేవాళ్లం. మేం చేసే తల్లులు మరీ మర్యాదస్తులు. ఒకరోజు విసుగొచ్చి, తల్లి పాత్ర నువ్వే చెయ్యమన్నాను. ఖాళీ స్ట్రిప్ ఒకటి చేతికిచ్చాను. పీర్ వర్కర్‌గా నేను కూర్చుని, నేర్పిన వాక్యం చక్కగా అప్పజెప్పాను: "మీ అబ్బాయి నాతో చెప్పింది మీకు చెప్పలేనమ్మా." ఆమె స్ట్రిప్ బల్ల మీద పడేసి అరిచింది: "మరి రాత్రి రెండింటికి వాడు గోడతో మాట్లాడుతుంటే లేచి కూర్చునేదెవరు, నువ్వా నేనా?" నాకు జవాబు దొరకలేదు. గదిలో ఎవరూ మాట్లాడలేదు.

ఆ తర్వాతే తల్లి సంగతి సీరియస్‌గా తీసుకున్నాం. విమర్శ, కోపం, అతిగా పట్టించుకోవడం ఎక్కువగా ఉన్న ఇళ్లలో జబ్బు తిరగబెట్టే అవకాశం ఎక్కువని లండన్‌లో జార్జ్ బ్రౌన్ బృందం 1972లో చూపించింది, 1976లో వాన్, లెఫ్ చేసిన పనిలోనూ అదే తేలింది. శిక్షణలో ఇది చెప్పేటప్పుడు గొంతు జాగ్రత్తగా పెట్టుకోవాలి. లేకపోతే వినేవాళ్లు తల్లే కారణమని తేల్చేస్తారు. ఆ పరిశోధన తిరగబెట్టడం గురించి చెప్పింది, జబ్బు పుట్టడం గురించి కాదు. అర్ధరాత్రి కొడుకుని లేపిన తల్లికి కావలసింది హద్దుల మీద పాఠం కాదు, ఆ భయాన్ని తనూ మోసిన ఇంకో అమ్మో నాన్నో. మాకు ఒక్కరే దొరికారు, కూతురి జబ్బుతో పదేళ్లు గడిపిన తండ్రి. రాత్రి ఫోన్లు ఇప్పుడు ఆయనకి వెళ్తాయి. తొమ్మిదింటి తర్వాత ఎత్తనని మొదటి రోజే చెప్పేశాడు, ప్రమాదమైతే ఎవరికి చేయాలో నంబరు రాసిచ్చాడు. ఆవిడ దానికి ఏమీ అనుకోలేదు.

క్షమాపణ

పీర్ వర్కర్ మళ్లీ అతన్ని కలవాలా వద్దా అన్నది అతని ఇష్టం. నర్సు ద్వారా అడిగించాం, ఒక్కసారి వస్తానన్నాడు. ఏం చెప్పాలో ఆమె అయిదుసార్లు రాసుకుంది. మొదటి ప్రతి రెండు పేజీలు, అందులో ముప్పావు వంతు తను ఎందుకలా చేసిందో వివరణ. నిజానికి అది అతన్ని తనని ఓదార్చమని అడగడమే. ఆ మాట నేనంటే నొచ్చుకుంది. మర్నాడు తనే కొట్టేసింది. చివరికి మిగిలింది ఇంతే: "నువ్వు నాతో చెప్పింది అమ్మకి చెప్పాను. చెప్పకుండా ఉండాల్సింది. నా కథ చెప్పేముందు నువ్వేం వాడుతున్నావో తెలుసుకోలేదు. దాని వల్ల నీకు కష్టమైంది, సారీ."

అతను తల ఊపాడు. కొంతసేపటికి, "అమ్మ మళ్లీ అడిగితే ఏం చెప్తారు?" అన్నాడు.

"నిన్నే అడగమంటాను. నీ ప్రాణానికి ప్రమాదం అనిపిస్తే మాత్రం దాచను. అప్పుడు కూడా ముందు నీతో చెప్పి, తర్వాతే వేరేవాళ్లతో."

"సరేనండీ."

నాలుగు వారాల తర్వాత బరువు సంగతి డాక్టర్‌కి తనే చెప్పాడు. ముందు రోజు ఇద్దరూ కూర్చుని కాగితం మీద మూడు వాక్యాలు రాసుకున్నారు, ఆమె లోపలికి వెళ్లలేదు, బయట బెంచీ మీద కూర్చుంది. డాక్టర్ షుగర్, కొలెస్టరాల్ పరీక్షలు రాశారు, కొన్ని వారాల మీద మెల్లగా మందు మార్చారు. ఇప్పటికీ అప్పుడప్పుడు మాత్ర మర్చిపోతాడు. ఉద్యోగం మాట ఇంకా ఎత్తడు. ఆటకి రెండుసార్లు వెళ్లొచ్చాడు. ఆమెని "అండీ" అనే అంటున్నాడు, "అక్కా" అనడం మళ్లీ మొదలుపెట్టలేదు. అదే నయం అంటోంది ఆమె, పోయినసారి మరీ తొందరగా అక్కనయ్యాను అని.

ఇప్పుడు నడుస్తున్నది

నిధులిచ్చేవాళ్లకి ఇదంతా చెప్పడం కష్టం. వాళ్లు అడిగేది అంకెలు, అది తప్పేం కాదు. పీర్ సపోర్ట్ మీద సాక్ష్యం అంతా ఒక్క తీరుగా లేదు. 2014లో లాయిడ్-ఎవాన్స్ బృందం చేసిన సమీక్షలో ఆస్పత్రి చేరికలు తగ్గినట్టు పెద్దగా తేలలేదు, ఆశ, కోలుకోవడం లాంటి కొలతల్లో కొంత మేలు కనిపించింది. 2018లో ఇంగ్లండ్‌లో సోనియా జాన్సన్ బృందం చేసిన ట్రయల్‌లో మాత్రం, ఒక వర్క్‌బుక్ ఆధారంగా పీర్ వర్కర్లు పది సందర్శనల దాకా తోడున్నవాళ్లలో ఏడాదిలోపు మళ్లీ అత్యవసర సేవలకి వచ్చినవాళ్లు 29 శాతం, వర్క్‌బుక్ మాత్రమే పోస్టులో అందుకున్నవాళ్లలో 38 శాతం. మాలాంటి చోట్ల ఈ రెండో అంకెల్ని గట్టిగా చదివి వినిపిస్తారు. అక్కడ పీర్ వర్కర్లకి శిక్షణ, సూపర్‌విజన్ ఉన్నాయన్న ముక్క దగ్గరికి వచ్చేసరికి గొంతు తగ్గుతుంది. బడ్జెట్‌లో మొదట కోత పడేది దానికే.

నెల నివేదికలో సందర్శనల సంఖ్య తీసేయలేకపోయాను. దాని కింద ఒక ఖాళీ గీత మాత్రం చేర్చాను: "ఈ వారం చెప్పబోయి ఆపుకున్నది." మొదట్లో అందరూ ఖాళీగా వదిలేశారు. ఇప్పుడు అక్కడే ఎక్కువ రాస్తున్నారు, ఒకరిద్దరు వెనక పేజీలోకి కూడా వెళ్తున్నారు. కథ చెప్పే రోజులు రెండు నుంచి ఒకటికి దించాను. మిగిలిన రోజు మొత్తం తల్లిగా, తండ్రిగా, డాక్టర్‌గా కూర్చునే రోల్ ప్లేలకే. ఆ రోజుకి ఫీడ్‌బ్యాక్ ఫారాల్లో మూడు దాటదు, అలసిపోయాం అని రాస్తారు.

కుటుంబ పీర్ ఇంకా ఒక్కరే. తొమ్మిది ఇళ్లున్నాయి. రెండు ఇళ్లలో మళ్లీ ఒకే మనిషి తల్లినీ బిడ్డనూ చూసుకోవాల్సి వస్తోంది. అక్కడ మొదటి సందర్శనలోనే ముగ్గుర్నీ కూర్చోబెట్టి, ఏది ఎవరికి చెప్తారో ఏది చెప్పరో రాసుకుంటున్నాం. ఒక ఇంట్లో తల్లి సంతకం పెట్టనంది. ఆ ఇంటి మూడు గడుల పేజీలు ప్రతి సోమవారం పొద్దున మిగతా అన్నిటికంటే ముందు తెరుస్తున్నాను.